నాన్నగారి లివింగ్ విల్‌కు కొడుకు సాక్షి సంతకం చేయవచ్చునా?

తెనాలి అబ్బాయి:
మా నాన్నగారికి 76 ఏళ్లు, విశ్రాంత ఉపాధ్యాయులు. ప్రస్తుతానికి ఆరోగ్యంగానే ఉన్నారు. పెదనాన్నగారు ఐసీయూలో పోయిన తరువాత, తనకు ఇక కోలుకునే ఆశ లేని స్థితి వస్తే వెంటిలేటరు పెట్టవద్దని, డయాలసిస్ చేయవద్దని లివింగ్ విల్ అనే కాగితం ఒకటి రాసి, సాక్షిగా నన్ను సంతకం చేయమంటున్నారు. చేయవచ్చునా? ఆసుపత్రివారు ఇటువంటి కాగితాన్ని లెక్కచేస్తారా?

పాత ఫైలు:
కోర్టులో గుమస్తాగా పనిచేసినవాణ్ని కనుక తెలిసినది చెబుతాను. కామన్ కాజ్ అనే సంస్థ వేసిన కేసులో 2018 మార్చి 9న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, గౌరవంగా మరణించే హక్కు 21వ అధికరణలోని జీవించే హక్కులో భాగమేనని చెప్పి, ఇటువంటి పత్రాలకు చెల్లుబాటు కల్పించింది. అయితే మొదటి తరగతి మేజిస్ట్రేటు సంతకం కూడా ఉండాలనడంతో ఆ పని సామాన్యులకు అందకుండా పోయింది. 2023 జనవరి 24న ఆ నిబంధన తీసివేశారు. ఇప్పుడు ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీ చేతనో గెజిటెడ్ అధికారి చేతనో ధ్రువీకరింపజేసుకుంటే చాలు. సాక్షులు వీలైనంతవరకు బయటివారై ఉండాలన్నారు కాబట్టి మీరు తప్పుకుని, ఆయన పాత సహోద్యోగులను పిలవండి. మీ పేరు ఉండవలసిన చోటు వేరు. తనకు స్పృహ లేనప్పుడు తన తరఫున సమ్మతి తెలిపేది ఎవరో ఆయన ఆ పత్రంలోనే రాయాలి. ఒకరికంటె ఎక్కువమందిని కూడా రాయవచ్చు.

కృష్ణాతీరం:
అంటే ఆస్తి అనుభవించబోయే కొడుకు సాక్షిగా పనికిరాడు గానీ, గొట్టం తీసివేయడానికి సమ్మతి తెలపడానికి మాత్రం పనికివస్తాడన్నమాట. ఈ తర్కం నాకు బోధపడలేదు. 2004లో హైదరాబాదులో వెంకటేశ్ అనే యువకుడి విషయంలో మన హైకోర్టే కాదన్నది కదా?

పాత ఫైలు:
అది వేరే సంగతి. కండరాల క్షీణతతో బాధపడిన ఆ యువకుడు, తాను పోకముందే అవయవాలు దానం చేయనివ్వమని కోరాడు. చికిత్స నిలిపివేత మీద తీర్పులు 2011లో, ఏళ్ల తరబడి అచేతనంగా పడి ఉన్న నర్సు అరుణా షాన్‌బాగ్ కేసుతోనూ, ఆ తరువాత 2018తోనూ వచ్చాయి. ఇక సమ్మతి అన్నది ఒక్కడి చేతిలో పని కాదు. ముందుగా చికిత్స చేస్తున్న వైద్యుడు, కనీసం ఐదేళ్ల అనుభవమున్న మరో ఇద్దరు నిపుణులు కలిసి ఒక బోర్డుగా అభిప్రాయం చెప్పాలి. దానిని జిల్లా ప్రధాన వైద్యాధికారి నియమించిన వైద్యుడు ఉండే రెండో బోర్డు పరిశీలించాలి. ఒక్కో బోర్డు 48 గంటలలో తేల్చడం మంచిదన్నారు. అమలు చేయబోయే ముందు ఆసుపత్రి మేజిస్ట్రేటుకు తెలియజేయాలి.

కొత్తపేట శారద:
అయితే మనిషి పోయాక బోర్డు కూర్చుంటుంది.

రాత్రి డ్యూటీ నర్సు:
శారద గారు వెటకారంగా అన్నా, జరిగేది దాదాపు అదే. బోర్డుల దాకా వెళ్లిన కేసు నేను చూడలేదు. నేను చూసేది ‘వైద్యుల సలహాకు విరుద్ధంగా తీసుకువెళుతున్నాం’ అనే కాగితం. బిల్లు పెరిగిపోయాక బంధువులు దాని మీద సంతకం పెడతారు. అంబులెన్సులో ఒకరు, చేత్తో ఊపిరి అందించే అంబు సంచి నొక్కుతూ ఊరిదాకా వెళ్లి, ఇంట్లో పడుకోబెట్టాక తీసివేస్తారు. నొప్పికి మార్ఫిన్ ఉండదు, ఆయాసం తగ్గించేవారు ఉండరు. కాబట్టి మీ నాన్నగారిని ఏమేమి వద్దో రాసి ఊరుకోవద్దనండి. నొప్పి తెలియకుండా ఉపశమన చికిత్స మాత్రం ఆపవద్దని తప్పక రాయమనండి. ఎంఎన్‌జే క్యాన్సరు ఆసుపత్రిలో అందుకోసం ప్రత్యేక విభాగమే ఉంది.

కృష్ణాతీరం:
నర్సమ్మ గారు చెప్పినట్లే మా అమ్మను తీసుకువచ్చారు. మా అన్నలిద్దరూ కాగితం మీద సంతకాలు పెట్టాక నాకు ఫోను చేశారు. దారిలో ఆమె కళ్లు తెరిచే ఉన్నాయి. ఇక అటువంటి పనికి నోటరీ ముద్ర కూడా దొరికిందంటే అడిగేవాడు ఉండడు.

పాత ఫైలు:
మీ అమ్మగారు ఏమీ రాసిపెట్టలేదు గనుకనే మీ అన్నలు రాసుకున్నారు. నా భార్య కూడా ఏమీ రాయలేదు. ఆమె అన్నదమ్ములు ససేమిరా అనడంతో ఆఖరి వరకు వెంటిలేటరు మీదే ఉంచారు. గొట్టం లాగివేస్తోందని రెండు చేతులనూ మంచం కమ్మీలకు గాజుగుడ్డతో కట్టారు. మణికట్టు దగ్గర చర్మం ఊడింది. ఆమెకు ఏమి కావాలో ఆ చేతులు చెబుతూనే ఉన్నాయి, వినవలసినవారు ఎవరూ లేకపోయారు. మీ అన్నల మీది కోపాన్ని ఈ పెద్దాయన మీద తీర్చుకోకండి.

కృష్ణాతీరం:
మీరు మీ బావమరదుల మీది కోపంతోనే తీర్పులు చదువుతున్నారని నేను అనలేదు, ఇప్పుడు అంటున్నాను.

న్యూజెర్సీ కోడలు:
ఇక్కడ ఆసుపత్రిలో చేరేటప్పుడే ఇటువంటి పత్రం ఉన్నదా అని అడుగుతారు. ఎవరూ తిట్టుకోరు.

తెనాలి అబ్బాయి:
పెద్దలిద్దరూ శాంతించండి. ముందు చెప్పడానికి మొహమాటపడిన విషయం ఒకటుంది. నాన్నగారి కాగితంలో చివరి వాక్యం ఇది: ‘నా వైద్యానికి పొలం అమ్మరాదు.’

కృష్ణాతీరం:
నేను మొదటినుంచి మొత్తుకుంటున్నది ఇదే. ఆయన వద్దంటున్నది వెంటిలేటరును కాదు, ఖర్చును. ప్రభుత్వ ఆసుపత్రిలో ఐసీయూ మంచం నమ్మకంగా దొరికే దేశంలో ఆయన ఈ వాక్యం రాసేవారా? పిల్లలకు భారం కాకూడదని జీవితమంతా మందులు సగం మింగిన తరం అది. ఆ భయాన్ని హక్కు అని పిలిచి సంతకం చేయించుకోవడం నాకు మింగుడుపడదు.

పాత ఫైలు:
సంపాదించిన పొలం ఆయనది, శరీరం ఆయనది. ఆ పొలం ఐసీయూ బిల్లుకు పోకుండా మనవల చదువుకు ఉండాలని కోరుకోవడం ఆయన అభీష్టం ఎందుకు కాదు? డబ్బు లెక్క కలిసినంత మాత్రాన ఇష్టం ఇష్టం కాకుండా పోతే, మనం జీవితంలో చేసిన ఏ నిర్ణయమూ నిలవదు. పైగా ఈ పత్రం కోలుకునే ఆశ లేనప్పుడే అమలులోకి వస్తుంది. న్యుమోనియా వస్తే మందు ఇవ్వవద్దని దాని అర్థం కాదు. మనసు మారితే ఎప్పుడైనా రాతపూర్వకంగా రద్దు చేసుకోవచ్చు.

కృష్ణాతీరం:
ఆశ లేదని తేల్చేవరకు పొలం సగం అమ్ముడుపోతుంది. ఆయన భయపడుతున్నది ఆ సగానికే. దానికి మీ పత్రంలో మందు లేదు.

రాత్రి డ్యూటీ నర్సు:
ఈ మాట మాత్రం నిజం.

తెనాలి అబ్బాయి:
ఆ వాక్యం తీసివేయమని అడిగాను. కావాలంటే మొదటి వాక్యంగా మారుస్తానన్నారు. నొప్పికి మందు ఆపవద్దన్న సంగతి చేర్చడానికి వెంటనే ఒప్పుకున్నారు. సాక్షులుగా ఆయన స్నేహితులిద్దరు వస్తున్నారు. పురపాలక కార్యాలయంలో ఒక ప్రతి ఇవ్వాలట, అక్కడ తీసుకునేవారెవరో కనుక్కోవాలి.

కృష్ణాతీరం:
సమ్మతి తెలిపేవారిగా మీతోపాటు మీ చెల్లెలి పేరు కూడా రాయించండి. పొలం దక్కని మనిషి ఒక్కరైనా ఆ కాగితంలో ఉండాలి.

పాత ఫైలు:
చెల్లెలికి పొలం దక్కదని మీకు ఎవరు చెప్పారు? హిందూ వారసత్వ చట్టానికి చేసిన 2005 సవరణకు ఎంతో ముందే, ఎన్టీ రామారావు గారి ప్రభుత్వ కాలంలోనే మన రాష్ట్రం ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకు సమాన హక్కు ఇచ్చింది.