కమ్యూనిటీ కాలేజీలో ఇంగ్లీష్, కమ్యూనికేషన్ డిప్లొమా: చెల్లిని చేర్చాలా, షోరూమ్ ఉద్యోగానికి పంపాలా?

కొరుక్కుపేట అన్న:
మద్రాసులో ఉండే తెలుగువాళ్ల సలహా కావాలి. మా చెల్లి నాయుడుపేటలో తెలుగు మీడియంలో ఇంటర్ పాసై నెల కిందట మా దగ్గరికి వచ్చింది. నేను మందుల గోడౌన్‌లో పని చేస్తాను. మాకు దగ్గర్లో ఒక కమ్యూనిటీ కాలేజీ ఉంది. ఏడాది డిప్లొమా. ఆఫీసు పని, ఇంగ్లీష్, కమ్యూనికేషన్ నేర్పి, చివర్లో కొన్నాళ్లు ఏదో ఒక కంపెనీలో ట్రైనింగ్ ఇప్పిస్తారట. ఫీజు కట్టగలను. ఇదే సమయానికి టీ నగర్‌లో ఒక బట్టల షోరూమ్‌లో ఉద్యోగం వచ్చేలా ఉంది. నాలుగు డబ్బులు చేతికొస్తాయి, నలుగురిలో తిరిగితే మాటా అదే వస్తుంది అని మా ఆవిడ అంటోంది. చెల్లి ఇంట్లో గలగలా మాట్లాడుతుంది, గడప దాటితే నోరు మెదపదు. ఒక ఏడాది వృథా అవుతుందేమోనని నాకు టెన్షన్‌గా ఉంది.

టీ నగర్ సూపర్‌వైజర్:
తమ్ముడూ, పదహారేళ్లుగా షోరూమ్‌లలోనే ఉన్నాను. కొత్తవాళ్లను పనిలో పెట్టుకునేది నేనే. ఇన్నేళ్లలో ఒక్కరినీ డిప్లొమా కాగితం అడగలేదు. తమిళం వచ్చా, పొద్దుటి నుంచి రాత్రి దాకా నిలబడగలవా, ఈ రెండే అడుగుతాను. చిత్తూరు వైపు నుంచి తమిళం ముక్క రాకుండా వచ్చిన పిల్లలు మూడు నెలలు తిరిగేసరికి బేరం తెగ్గొడుతున్నారు. సైజు, రంగు, ధర, బిల్లు, ఈపాటి ఇంగ్లీషూ అక్కడే పట్టుబడుతుంది. నేనూ అట్లాగే నేర్చుకున్నాను.

ఇంకో మాట. ఇక్కడే పుట్టి పెరిగిన మన పిల్లలకు, బడుల్లో తమిళం తప్పనిసరి చేసిన 2006 చట్టం తర్వాత, తమిళం వచ్చింది, వాళ్లు చదువుతారు, రాస్తారు. నాయుడుపేట నుంచి వచ్చిన పిల్ల రేషన్ షాపు బోర్డు కూడా చదవలేదు. ముందు తమిళం రానీ. ఇంగ్లీష్ సంగతి తర్వాత.

పెరంబూరు టీచరమ్మ:
ముందు తమిళం అన్న సూపర్‌వైజర్ గారి మాట నేనూ ఒప్పుకుంటాను. కానీ కౌంటర్ దగ్గర నేర్చుకున్న ఇంగ్లీష్ కౌంటర్ దగ్గరే ఉండిపోతుంది బాబూ. అక్కడి నుంచి బిల్లింగ్‌కో, ఆఫీసుకో మారాలంటే వేరే మాట కావాలి. నేను ఒక కమ్యూనిటీ కాలేజీలో పదేళ్లు ఈ కమ్యూనికేషన్ క్లాసే చెప్పాను.

ఈ చదువు డిగ్రీ దాకా వెళ్లలేనివాళ్ల కోసం పుట్టింది. మన దేశంలో 1995లో పాండిచ్చేరి విశ్వవిద్యాలయం మొదలుపెడితే, మరుసటి ఏడే మద్రాసులో వచ్చింది. యూజీసీ, అంటే ఢిల్లీలోని విశ్వవిద్యాలయాల నిధుల సంఘం, పెట్టిన పథకం చాలా తర్వాతది. ఆ పథకం కింద నడిచేచోట ఏడాది డిప్లొమాకు 60 క్రెడిట్లు. 36 పని నైపుణ్యానికి, 24 భాషలాంటి సాధారణ చదువుకు. ఒక క్రెడిట్ అంటే సుమారు 15 గంటల క్లాసు. మూడు నెలల స్పోకెన్ ఇంగ్లీష్ సెంటర్లో అంత సమయం ఎక్కడ దొరుకుతుంది?

ఆ సమయం ఎందుకు కావాలో చెబుతాను. మన పిల్లల తప్పులు వేరు, తమిళ పిల్లల తప్పులు వేరు. తమిళ లిపిలో క, గ రెండింటికీ ఒకటే అక్షరం. అందుకని వాళ్లు కోట్, గోట్ దగ్గర తడబడతారు. మనకు ఆ బాధ లేదు. మనది మాట చివరి అచ్చు. బస్సు, బుక్కు, కారు అని అలవాటైన నాలుక ఇంగ్లీష్ మాట్లాడేటప్పుడు కూడా చివర ఉకారం తగిలిస్తుంది. మనకు మేము, మనం అని రెండున్నాయి, ఇంగ్లీషుకు ‘వి’ ఒక్కటే. ‘ఎదుటి ఆయన్ని కలుపుకున్నట్టా, వదిలేసినట్టా టీచర్?’ అని అడిగిన పిల్లలున్నారు. ఎంత మంచి సందేహం అది! ఒకసారి ఒక అమ్మాయి ‘మీరు మీ ఇంట్లో ఎన్నో సంతానం’ అన్నది ఇంగ్లీషులో అడగలేక ఏడుపు మొహం పెట్టింది. మన ‘ఎన్నో’కు సరిపోయే మాట ఇంగ్లీషులో లేదమ్మా, చుట్టు తిప్పి అడగాల్సిందే అన్నాను. ‘అయితే తప్పు నాది కాదా?’ అంది. అప్పటిదాకా తనకు తెలివి లేదనుకుంటోంది. ఆ వారం నుంచే క్లాసులో మాట్లాడటం మొదలుపెట్టింది.

మొదటి రెండు నెలలు నేను వ్యాకరణం జోలికి వెళ్లేదాన్ని కాదు. ఇద్దరిద్దరిని వీపులు ఆనించి కూర్చోబెట్టి ఫోన్ మాట్లాడించేదాన్ని. ఒకరు గ్యాస్ బండ కావాలంటారు, ఒకరు ఏజెన్సీ. మొహం కనబడదు కాబట్టి సైగలు పనికిరావు, మాటే రావాలి.

సూళ్లూరుపేట లోకల్:
టీచరమ్మ గారి లాంటి క్లాసు అందరికీ దొరకదండీ. నేను రోజూ లోకల్ ట్రైన్‌లో వచ్చి ఒకచోట ఇదే డిప్లొమా చేశాను. ఇంగ్లీష్ పీరియడ్ అంటే మేడమ్ బోర్డు మీద ఉత్తరం రాయడం, మేం దించుకోవడం. లీవ్ లెటర్ ఇప్పుడు నిద్రలో లేపినా అప్పజెబుతాను. ఏడాది మొత్తం క్లాసులో నేను ఇంగ్లీషులో మాట్లాడింది ‘ప్రెజెంట్ మేడమ్’ ఒక్కటే. మధ్యలో ఇద్దరు టీచర్లు మారారు. ట్రైనింగ్ అని పంపినచోట నెలంతా ఫైళ్లు సర్దించారు. మా నాన్న అప్పు చేసి కట్టిన ఫీజు అది, తలుచుకుంటే ఇప్పటికీ కడుపు రగులుతుంది.

అన్నా, పేరు చూసి చేర్చొద్దు. చేరేముందు మీ చెల్లిని ఒక్క రోజు క్లాసులో కూర్చోనిస్తారా అని అడగండి. ఒక గంటలో ఎంతమంది పిల్లలు నోరు తెరిచారో లెక్కపెట్టి రమ్మనండి. పోయిన ఏడాది పాసైన ఇద్దరి నంబర్లు తీసుకుని వాళ్లతో మాట్లాడండి.

నుంగంబాక్కం పాఠకుడు:
పనిలో పడితే భాష అదే వస్తుంది అన్నదానికి ఈ ఊళ్లోనే జవాబుంది. మా నుంగంబాక్కంలో కాలేజీ రోడ్డుకు ఆ పేరు పాత సెయింట్ జార్జి కోట కాలేజీ వల్ల వచ్చింది. 1812లో ఈస్టిండియా కంపెనీ తన కుర్ర ఉద్యోగులకు తెలుగు, తమిళం లాంటి భాషలు నేర్పడానికి పెట్టింది దాన్ని. సీపీ బ్రౌన్ 1817లో మద్రాసులో దిగి, వెలగపూడి కోదండరామ పంతులు గారి దగ్గర తెలుగు నేర్చుకుని, పరీక్ష పాసై, 1820లో కడపకు ఉద్యోగానికి వెళ్లారు. అంటే దాదాపు మూడేళ్లు. కడప కచేరీలో కూర్చుంటే తెలుగు అదే వస్తుందిలే అని కంపెనీ వదిలెయ్యలేదు. నిఘంటువు రాసిన మనిషికే అన్నాళ్లు పడితే, ఈ అమ్మాయికి ఒక్క ఏడాది ఇవ్వలేమా?

టీ నగర్ సూపర్‌వైజర్:
వాళ్లకు జీతమిచ్చి చదివించారు కదండీ! దొరగారు పాఠం చదువుకున్నా నెల తిరిగేసరికి డబ్బులు వచ్చేవి. ఇక్కడ ముగ్గురి తిండి ఒక గోడౌన్ జీతం మీద నడవాలి. నేను చదువుకు అడ్డం కాదు. మా అక్క కూతురిని ఇట్లాగే ఒక కోర్సులో చేర్చాం, సగంలో ఇంట్లో జబ్బు చేసి డబ్బు చాలక మానేసింది. అటు సర్టిఫికెట్టూ లేదు, ఇటు పనీ లేదు. ఆ పిల్ల మొహం చూసినవాణ్ని కాబట్టి చెబుతున్నాను.

నుంగంబాక్కం పాఠకుడు:
నిజమే. ఆ తేడా నేను ఆలోచించలేదు. చదువుకు జీతం తోడు లేకపోతే నా పోలిక సగమే నిలబడుతుంది.

పెరంబూరు టీచరమ్మ:
నా క్లాసులో సగం మంది మధ్యాహ్నం పనికి వెళ్లేవాళ్లే. పొద్దున చదువు, తర్వాత పని. క్లాసు వేళలు అడుగు బాబూ. ఒంటిపూటైతే రెండూ నడుస్తాయి. అలసిపోతారు, అది మాత్రం దాచను. సూళ్లూరుపేట అమ్మాయి చెప్పింది చదివి బాధేసింది. దించుకునే క్లాసైతే నేనూ వద్దనే అంటాను.

వ్యాసర్‌పాడి:
అందరూ మాట్లాడారు. అమ్మాయి ఏమంటోంది?

కొరుక్కుపేట అన్న:
అడగాల్సిన మాట అడిగారు. రాత్రి మీరు రాసినవన్నీ చెల్లికి చదివి వినిపించాను. సూపర్‌వైజర్ గారి అక్క కూతురి సంగతి విని చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఆ ఫోన్ ఆట ఆడదాం వదినా అంది. ఇద్దరూ వీపులు ఆనించి కూర్చున్నారు. మా ఆవిడ ఏజెన్సీ. చెల్లి ‘హలో’ అని ఆగిపోయింది. మళ్లీ హలో అంది. మూడోసారి ‘గ్యాస్ నో’ అంది. మా ఆవిడకు అర్థమైంది, ‘టుమారో’ అంది. ‘నేను ఇంతసేపు ఆగితే షాపులో కస్టమర్ ఆగుతాడా అన్నా? క్లాసులోనైతే ఆగుతారు కదా’ అని అడిగింది చెల్లి.

సోమవారం సెలవు పెట్టి కాలేజీకి తీసుకెళ్తున్నాను. ఒక రోజు క్లాసులో కూర్చోనివ్వకపోతే చేర్చను. వేళలు కూడా అడుగుతాను. టీ నగర్ అన్నా, సాయంత్రం పూట పని ఏదైనా మీ ఎరుకలో ఉంటే చెప్పండి.

టీ నగర్ సూపర్‌వైజర్:
దీపావళికి ముందు రెండు నెలలు సాయంత్రాలకు మనుషులు చాలరు తమ్ముడూ. మా మేనేజర్‌ని అడిగి చెబుతాను. రాత్రి ఎనిమిదికల్లా వదిలేలా మాట్లాడతాను, కొరుక్కుపేట దాకా వెళ్లాలి కదా. ఈలోపు ఇంట్లో తమిళంలో అంకెలు చెప్పించు, వంద దాకా.