అప్‌డేట్: రోబోకాప్ గేమ్ పూర్తి చేశాను

చిన్నప్పుడు టీవీలో చూసి పిచ్చెక్కిపోయిన రోబోకాప్ మీద 2023లో వచ్చిన ‘రోగ్ సిటీ’ గేమ్, షూటింగ్ గేములు అలవాటు లేనివాడు ఆడగలడా అని మిమ్మల్ని అడిగాను కదా. నిక్షేపంగా ఆడొచ్చు. నా పాత లాప్‌టాప్‌కి అంత సీన్ లేదని బెంగళూరు మారతహళ్లిలో మా బావ వాళ్ళింట్లో పీఎస్5 (ప్లేస్టేషన్ 5) మీద ఆడాను.

1987 సినిమాలో రోబోకాప్‌గా మారే పోలీసు మర్ఫీగా చేసిన పీటర్ వెల్లరే దీనికీ గొంతు ఇచ్చాడు. మొదటి డైలాగ్‌కే ఒళ్ళు పులకరించింది. నడకా అచ్చం అదే, గెంతడాలు ఉండవు, అడుగేస్తే నేల దద్దరిల్లాల్సిందే. ఆ నిదానం వల్లే నాలాంటివాళ్ళకి గురి చూసుకునే తీరిక దొరుకుతుంది.

కాల్పుల కన్నా నాకు డెట్రాయిట్ వీధుల్లో గస్తీయే నచ్చింది. అడ్డదిడ్డంగా పెట్టిన కారుకి చలానా రాయడం, స్టేషన్ కౌంటర్‌లో నిలబడి జనం గోడు వినడం... చిన్న పనులు ఒక్కటీ వదలొద్దని చెప్పినవాళ్ళకి చాలా థాంక్స్. ఇనప కవచం లోపలి మర్ఫీ అక్కడే కనిపిస్తాడు. పక్కన కూర్చుని చూసిన మా మేనల్లుడు ఇప్పుడు సినిమా పెట్టమంటున్నాడు. హింస బాగా ఎక్కువ, ఇంకొన్నేళ్ళు ఆగమన్నాను.