హోమ్ అలోన్ 2: క్రిటిక్స్ కొట్టిపారేశారు, జనం ఎగబడి చూశారు. మీరు ఎటువైపు?

బాల్కనీటికెట్:
క్రిస్మస్ సెలవులు కదా, మా పాపకి ఏడేళ్లు, శనివారం హోమ్ అలోన్ మొదటి భాగం చూపించా, ఇంట్లో ఒక్కడే మిగిలిపోయిన పిల్లాడు దొంగల్ని తిప్పలు పెట్టేది, ఆదివారం రెండోది పెట్టా, అదే ఇంట్లోవాళ్లు ఫ్లోరిడా వెళ్తుంటే పిల్లాడు వేరే ఫ్లైటెక్కి న్యూయార్క్‌లో దిగిపోయి నాన్న కార్డుతో ప్లాజా హోటల్లో రూం తీసుకునేది. పాప పడి పడి నవ్వింది. అది పడుకున్నాక ఊరికే ఫోన్‌లో రేటింగ్ చూస్తే క్రిటిక్స్ రివ్యూలన్నీ పోగుచేసే రాటెన్ టొమాటోస్ సైట్‌లో మొదటి దానికి అరవై పైన ఉంది, రెండోదానికి ముప్పై చిల్లర. నిజంగా బాధేసింది. మన లెక్కలో ముప్పై చిల్లర అంటే బొటాబొటీగా ఫెయిలయినట్టే కదా.

1992 నవంబర్ 20న వచ్చిన సినిమా ఇది. డైరెక్టర్ క్రిస్ కొలంబస్, రాసింది జాన్ హ్యూస్, కెవిన్ అనే ఆ పిల్లాడు మెకాలే కల్కిన్, దొంగలు జో పెషి, డేనియల్ స్టెర్న్, మ్యూజిక్ జాన్ విలియమ్స్, అంతా పాత టీమే. అమెరికాలో 17 కోట్ల డాలర్లు దాటింది, ఆ ఏడాది అక్కడ అలాదీన్ తర్వాత ఇదే. ప్రపంచం మొత్తం కలిపితే 36 కోట్లకి దగ్గర. అయినా అప్పుడూ ఇప్పుడూ రివ్యూల్లో ఒకటే మాట, మొదటి భాగాన్నే ఊరు మార్చి తీశారు అని.

తీస్తే తప్పేంటి అని నా ప్రశ్న. మన పౌరాణిక నాటకాల్లో మంచి పద్యం పడితే జనం వన్స్‌మోర్ కొడతారు, ఆర్టిస్టు అదే పద్యం అదే రాగంలో మళ్ళీ అందుకుంటాడు, అదేంటయ్యా ఇందాక పాడావు కదా అని ఎవరూ లేచి వెళ్లిపోరు. పిల్లలైతే మరీను, రోజూ రాత్రి అదే కథ కావాలి, మధ్యలో ఒక్క మాట మారిస్తే ఊరుకోరు. పిల్లల కోసం తీసిన పండగ సినిమాని కొత్తదనం లేదని ఫెయిల్ చెయ్యడం నాకు అన్యాయంగా అనిపిస్తోంది. మీరేమంటారు?

సెకండ్‌షో:
అన్నా నీ ఫీలింగ్ అర్థమైంది కానీ నేను క్రిటిక్స్ వైపే. వన్స్‌మోర్ అన్నప్పుడు ఆర్టిస్టు అదే టికెట్టు మీద మళ్ళీ పాడతాడు, రెండేళ్ల తర్వాత కొత్త టికెట్టు పెట్టి అదే పద్యం పాడడు.

పక్కపక్కన పెట్టి చూడు. మొదటి దాంట్లో రాత్రి కరెంటు పోయి అలారం మోగదు, రెండో దాంట్లో నాన్న కెమెరా చార్జింగ్ పెడుతూ గడియారం ప్లగ్ పీకేస్తాడు, రెండిట్లోనూ లేటుగా లేచి ఎయిర్‌పోర్ట్‌లో పరుగే. రెండిట్లోనూ ముందు రోజు రాత్రి వాళ్లన్న బజ్ గాడి వల్ల గొడవ, తిట్లన్నీ కెవిన్‌కే, శిక్ష కూడా పై గదే. అక్కడ పాత గ్యాంగ్‌స్టర్ సినిమా వేసి పిజ్జా కుర్రాణ్ణి భయపెడతాడు, ఇక్కడ ఇంకో గ్యాంగ్‌స్టర్ సినిమా వేసి హోటల్ స్టాఫ్‌ని. అక్కడ చూడగానే భయమేసే పక్కింటి ముసలాయన చివరికి మంచివాడు, ఇక్కడ పార్కులో పావురాల మధ్య బతికే ఇల్లులేని ఆవిడ, అదే పావురాలావిడ. అక్కడ దొంగలకి దొరికిపోయాక ముసలాయన వెనకనుంచి పారతో కొడతాడు, ఇక్కడ ఆవిడ గింజలు చల్లి పావురాల్ని వదుల్తుంది. ఇంత లైను తప్పకుండా పోతే రాసినవాళ్లు ఏం కష్టపడ్డట్టు చెప్పు? రాసింది మామూలు రైటర్ కూడా కాదు, జాన్ హ్యూస్. అందుకే నాకు ఎక్కువ కోపం.

ఓరుగల్లు90స్:
నేను ఒకటి చెప్త. మా ఇంట్ల కేబుల్ కొత్తగ వచ్చినప్పుడు నేను ముందు చూసింది రెండో పార్టే. మొదటిది ఒకటి ఉందని కూడ తెల్వదు అప్పుడు. ఇంగ్లిష్ ఒక్క ముక్క అర్థంకాకపోయినా అన్నదమ్ములం నలుగురం కిందమీద పడి నవ్వినం. చాన ఏండ్లకు మొదటిది చూస్తే నాకు అదే కాపీ లెక్క కొట్టింది, హోటల్ లేదు, బొమ్మల దుకాణం లేదు, ఒక్క ఇంట్లనే తిరుగుతున్నడేంది అనిపించింది. మన దగ్గర నా లెక్క టీవీల ఏది ముందు వస్తే అది చూసినోళ్లు మస్తు మంది ఉంటరు. క్రిటిక్ మొదటిది చూసి రెండేండ్లకు రెండోదానికి పోయిండు కాబట్టి ఆయనకు రిపీట్ అనిపించింది. గది సినిమాల ఉన్న తప్పా, చూసిన వరుసల ఉన్న తప్పా?

లెక్కలమాస్టారు:
బాల్కనీ గారూ, ముందు ఆ శాతం చూసి బాధపడకండి, చాలామంది దాన్ని తప్పుగా చదువుతారు. అవి నూటికి వచ్చిన మార్కులు కావు. రాసినవాళ్లలో నూటికి ఎంతమందికి నచ్చింది అనే లెక్క అది. పది మంది కూర్చుని పర్లేదు గానీ మొదటిదంత లేదు అని రాసి, ఆ పదీ నచ్చలేదు ఖాతాలో పడితే వచ్చేది సున్నా. ఇంకో సంగతి, ఆ సైట్ మొదలైందే 1998లో. 1992 రివ్యూలు తర్వాత తెచ్చి చేర్చినవే, వాటికి ఈమధ్య కొత్తగా రాసినవాళ్లవీ కలుస్తాయి.

జనం వైపు చెప్పే నంబరు సినిమాస్కోర్. రిలీజైన రోజు థియేటర్ దగ్గర ప్రేక్షకులకి కార్డులిచ్చి గ్రేడ్ వెయ్యమంటారు. దీనికి 'ఏ మైనస్' గ్రేడ్ వచ్చింది. కానీ దాన్నీ కళ్లకద్దుకోవద్దు, మొదటి రోజు వచ్చేది ఎవరు, మొదటి భాగం నచ్చినవాళ్లే కదా. మన బెనిఫిట్ షో బయట మైకు పెట్టి అడిగితే ఏం చెప్తారో అదీ అంతే. అలాంటివాళ్లే మొదటి దానికి 'ఏ' గ్రేడ్ వేసి దీనికి ఒక మెట్టు తగ్గించారు. కలెక్షన్ కూడా అమెరికాలో 28 కోట్ల డాలర్ల పైనుంచి 17కి దిగింది. అంటే జనానికి నచ్చింది, మొదటిదంత నచ్చలేదు. క్రిటిక్స్ కూడా చాలావరకు అన్నది అదే. అమెరికాలో బాగా పేరున్న క్రిటిక్ రోజర్ ఈబర్ట్ నాలుగుకి మొదటి దానికి రెండున్నర స్టార్లిచ్చాడు, దీనికి రెండు. తేడా అర స్టారే.

నాకు నిజంగా వింతగా తోచేది ఇంకోటుంది. 1997లో మూడో భాగం వచ్చింది, కల్కిన్ లేడు, వేరే పిల్లాడు, వేరే కుటుంబం. ఈబర్ట్ దానికి మూడు స్టార్లిచ్చాడు, మూడిట్లో అదే ఎక్కువ. జనమేమో దాన్ని దాదాపు మర్చిపోయారు. కొత్త ముఖాలు, కొత్త కథ ఆయనకి నచ్చాయి, జనానికి కెవినే కావాల్సొచ్చాడు.

క్యాజువాల్టీడ్యూటీ:
కాపీ గొడవ పక్కన పెట్టండి, నాకు అసలు ఇబ్బంది దెబ్బలతో. నేను హాస్పిటల్లో ఎమర్జెన్సీలో చేస్తాను, తలకి దెబ్బ తగిలిన కేసులు వారానికి ఎన్నో చూస్తాను, కన్‌స్ట్రక్షన్ పనిలో పైనుంచి ఇటుక పడ్డవాళ్లనీ చూశాను. ఈ సినిమాలో పిల్లాడు మేడ మీద నుంచి దొంగ నుదుటికి గురిచూసి ఇటుక విసురుతాడు, ఒకటి కాదు, వాడు లేచి నిలబడగానే మళ్ళీ, మళ్ళీ. ఒక్కటి చాలు మనిషి పోవడానికి. మా అబ్బాయి పక్కన కూర్చుని నవ్వుతుంటే నేను నవ్వలేకపోయాను.

మొదటి దాంట్లో ఇస్త్రీపెట్టె ముఖం మీద పడదా, నెత్తి కాలదా అంటారేమో. పడుతుంది, కాలుతుంది. కానీ అక్కడ పిల్లాడు తన ఇంట్లో ఉన్నాడు, దొంగలు తలుపు పగలగొట్టుకుని వస్తున్నారు, వాడికి వేరే దారి లేదు. ఇక్కడ వాడే ముందు ఖాళీ ఇల్లు చూసుకుని, అంతా రెడీ చేసి, తర్వాత వెళ్లి దొంగల్ని రెచ్చగొట్టి అక్కడికి రప్పించుకుంటాడు. కాపలా వేరు, వల పన్నడం వేరు. రిపీట్ అని అందరూ అంటున్నారు, నాకైతే ఇదే పెద్ద మార్పు, అదీ మంచి మార్పు కాదు.

న్యూజెర్సీ_డిసెంబర్:
డాక్టర్ గారూ మీరన్నది కరెక్టేనండి, కానీ ఆ దొంగలు దోచుకునేది బొమ్మల షాపువాళ్లు పిల్లల హాస్పిటల్‌కి ఇవ్వాల్సిన డబ్బు, అది తెలిసే కదా వాడు అడ్డం పడతాడు, తన ఇల్లు కాకపోయినా. నాకు అందులో వాడు ఒక మెట్టు ఎదిగినట్టు కనిపిస్తుంది.

నేను మాత్రం ఈ సినిమాకి అభిమానిని అవ్వడానికి కారణం వేరు. పెళ్లయి ఇక్కడికొచ్చిన మొదటి డిసెంబర్, ఆయన ఆఫీసుకి వెళ్లిపోతే సాయంత్రం నాలుగున్నరకే చీకటి, మాట్లాడే మనిషి లేదు, అక్కడ అమ్మవాళ్లకి అర్ధరాత్రి కాబట్టి ఫోన్ కూడా చెయ్యలేను. ఒకరోజు టీవీలో ఇది వస్తుంటే చూశా. చిన్నప్పుడు చూసినప్పుడు పావురాలావిడ సీన్ ఎప్పుడైపోతుందా అనుకునేదాన్ని. ఆరోజు ఆ సీన్‌కే కూర్చుండిపోయాను. కార్నెగీ హాల్ పైన అటకలాంటి చోట ఇద్దరూ కూర్చుంటారు, కింద సంగీతం వినిపిస్తుంటుంది, ఒకసారి మనసు విరిగింది కాబట్టి మళ్ళీ ఎవర్నీ నమ్మలేదంటుంది ఆవిడ. దానికి వాడు, నాకు మంచి స్కేట్స్ ఉండేవి, పాడైపోతాయని పెట్టెలోనే దాచా, తీరా చూస్తే కాలికి పట్టలేదు అంటాడు. పదేళ్ల పిల్లాడి నోట్లో సరిగ్గా పిల్లాడి మాట. మొదటి భాగంలో చర్చి సీన్ బాగుంటుంది, కాదనను, కానీ నాకు ఇది ఇంకా లోతుగా తగిలింది. బ్రెండా ఫ్రికర్ ఆ పాత్రని ఒక్క క్షణం కూడా జాలి కోసం చెయ్యలేదు. రివ్యూలు రాసినవాళ్లు ముసలాయన బదులు ముసలావిడ అని ఒక్క లైన్‌లో దాటేస్తే నాకు కష్టంగా ఉంటుంది.

పైగా ఊరు. ఇప్పుడు ఏటా పిల్లల్ని తీసుకుని న్యూయార్క్ వెళ్లే పాత్ (PATH) ట్రైన్‌లో వెళ్లి రాక్‌ఫెల్లర్ చెట్టు చూస్తాం, వాళ్లమ్మ కెవిన్‌ని వెతుక్కుంటూ వచ్చేది ఆ చెట్టు దగ్గరికే. బొమ్మల షాపు కోసం వెతక్కండి, అది బయటినుంచి చూపించింది షికాగోలోని రూకరీ బిల్డింగ్. ప్లాజా లాబీలో దారి చెప్పేది అప్పటి ఓనర్ ట్రంప్. కెనడాలో సీబీసీ అనే టీవీ చానల్ 2014లో యాడ్స్ టైం కోసం ఆ ముక్క కోసేసింది, 2019లో దానిమీద పెద్ద గొడవైంది, ఇప్పుడు డిసెంబర్ వస్తే సినిమా వదిలేసి దాని గురించే మాట్లాడతారు, అది నాకు నచ్చదు.

సెకండ్‌షో:
అక్కా మీరు చెప్పిన సీన్ నాకూ ఇష్టమే, అందుకే ఇది అడుగుతున్నా. మొదటి భాగంలో ముసలాయనకి కొడుకుతో మాటల్లేవు, కెవిన్ చెప్పాక ఫోన్ చేస్తాడు, చివర్లో మంచులో మనవరాల్ని ఎత్తుకుని నిలబడితే కెవిన్ కిటికీలోంచి చూస్తాడు. ఆ మనిషి జీవితం మారింది. మరి పావురాలావిడకి ఏం మారింది? పండగ రోజు కెవిన్ వాళ్లింటిల్లిపాదీ హోటల్ సూట్‌లో, గిఫ్టుల గుట్టల మధ్య. ఆవిడ చలిలో అదే పార్కులో, అవే పావురాల మధ్య. వాడు పరిగెత్తుకెళ్లి బొమ్మల షాపాయన తనకిచ్చిన జంట గువ్వల బొమ్మల్లో ఒకటి చేతిలో పెట్టి, నేను మర్చిపోను అని హత్తుకుంటాడు, అంతే. పైకి పిలిచి ఒక ప్లేటులో అన్నం పెట్టాలని ఒక్కరికీ తట్టలేదు, రాసినవాళ్లకి కూడా. మొదటిదాన్నే ఫాలో అయ్యారు కదా, మరి ఈ ఒక్క చోట ఎందుకు ఫాలో అవ్వలేదు? నాకు పదేళ్లప్పుడూ ఇదే డౌటు, ఇప్పుడూ ఇదే.

న్యూజెర్సీ_డిసెంబర్:
తమ్ముడూ ఇది నేను ఎప్పుడూ ఇలా ఆలోచించలేదు. నిజమే, ఆవిడ అక్కడే ఉండిపోయింది. కానీ నాకు ఆరోజు ఇల్లో భోజనమో కాదు కావాల్సింది, నువ్వు గుర్తున్నావు అని ఒక మనిషి అనడం. అందుకేనేమో నాకు ఆ లోటు కనపడలేదు. ఇల్లు లేనివాళ్లకి అది సరిపోదు, ఒప్పుకుంటా.

ఓరుగల్లు90స్:
ఈ ముచ్చట బాగ పట్టుకున్నవ్ తమ్మీ. ఇగ నేను కాపీ అనేటోళ్లతోటి కొట్లాడ, గీ పాయింట్ మీద మాత్రం నీ దిక్కే.

బాల్కనీటికెట్:
అందరికీ థాంక్స్, ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. ఇవన్నీ చదివాక నిన్న రాత్రి పాపతో మళ్ళీ కూర్చున్నా, ఈసారి సినిమా కన్నా దాన్నే ఎక్కువ చూశా. ఇటుకల సీన్‌లో మొదటి దానికి నవ్వింది, రెండో దానికి నవ్వింది, ఆ తర్వాత నవ్వు ఆపేసి నాన్నా ఆయనకి రక్తం రాదా అంది. డాక్టర్ గారూ, ఆ విషయంలో మీ మాటే కరెక్టు, నేను మొదటిసారి గమనించలేదు. కాపీ అన్నదానికి మాత్రం ఇంకా ఒప్పుకోను, గ్యాంగ్‌స్టర్ సినిమా పెట్టే ముందే వాడు ఏం చెయ్యబోతున్నాడో పాపకి తెలిసిపోయి సోఫా మీద లేచి నిలబడింది, ఆ ఆనందం రిపీట్ వల్ల వచ్చిందే.

ఇక పావురాలావిడ. సెకండ్‌షో, నీ డౌటు నేను పాపకి చెప్పలేదు. చివర్లో అందరూ గిఫ్టులు విప్పుతుంటే అదే అడిగింది, ఆ ఆంటీ కూడా వస్తుందా అని. రాదమ్మా అన్నా. ఎందుకు అంది. నా దగ్గర జవాబు లేదు.