సింధు నగరాల్లో పాలన ఎవరిది? గ్రూప్-1 మెయిన్స్‌లో ఏం రాయాలి?

హన్మకొండ_రూమ్: అందరికీ నమస్కారం. సింధు నాగరికత దగ్గర ఆగిపోయా. ఒక పుస్తకంలో పూజారి-రాజు పాలించాడని, ఇంకోదాంట్లో వర్తకులని ఉంది. మన గణపతిదేవుడు వర్తకులకు అభయమిచ్చాడంటే 1244 నాటి మోటుపల్లి శాసనం ఉంది. మొహెంజొదారోలో రాజు పేరే లేదు, మరి పాలన ఉందని ఎట్ల చెప్తారు?

రిటైర్డ్_వర్క్‌ఇన్‌స్పెక్టర్: తమ్మీ, నా సర్వీసంతా మోరీల మీదనే గడిచింది, అక్కడి నుంచే చెప్తా. పూజారి-రాజు అన్నది 17.5 సెంటీమీటర్ల రాతి బొమ్మకు మనవాళ్లు తగిలించిన పేరు. ఇదీ రాజభవనం అని ఖాయంగా చెప్పే కట్టడం లేదు, లిపి ఇంకా చదవలేదు. అవి పక్కన పెట్టి మోరీ చూడు. స్నానాల గది నీళ్లు వీధి మోరీలో కలుస్తాయి. మడ్డి ఆగడానికి అక్కడక్కడ గుంతలు తీశారు. పైన ఇటుకలో బండలో కప్పారు, లేపి పూడిక తీసుకోవచ్చు. ఎవరింటి ముందు వాళ్లు తమకు తోచినట్టు కడితే వాటం కుదరదు, ఒక్కచోట తప్పినా ఎగువ ఇళ్లలోకి నీళ్లు ఎదురుతంతాయి. వీధి మొత్తానికి లెవెల్ చూసినవాళ్లు, పూడిక తీయించినవాళ్లు ఎవరో ఉండి తీరాలి. ఇటుక చూడు: మందం 1, వెడల్పు 2, పొడవు 4. హరప్పాలోనూ అదే లెక్క, తూకపు రాళ్లూ అంతే. మా పనుల్లో రెండు బట్టీల ఇటుక ఒక్క గోడలో కలిసేది కాదు!

గోదావరిఖని_టీచర్: సార్, కొలత ఒకటే అయితే సర్కారు ఒకటే అనుకోవాలా? మేస్త్రీలు ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నా అట్లనే వస్తుంది. గుజరాత్‌లోని సింధు నగరం ధోలావీరలో మన్సర్, మన్హర్ వాగుల నీళ్లు మళ్లించి పెద్ద పెద్ద జలాశయాలు నింపారు, కట్టడాల్లో రాయి బాగా వాడారు. ఏ ఊరికి ఆ ఊరి పెద్దలే ఉన్నారన్న వాదన నాకు నచ్చుతుంది.

రిటైర్డ్_వర్క్‌ఇన్‌స్పెక్టర్: ఒక్క రాజని నేనెక్కడన్నా మేడమ్? అడిగే దిక్కు ఉందంటున్నా. ఆ దిక్కు పోయాక ఏమైందో మొహెంజొదారో పై పొరల్లో కనిపిస్తుంది. క్రీ.పూ. 1900 దగ్గరికి వచ్చేసరికి ఇళ్లు వీధుల్లోకి జరిగాయి, పెద్ద గదుల్లో అడ్డగోడలు లేచాయి, ఊరి నడుమనే కుండల బట్టీలు వెలిశాయి. 2020 ఆగస్టులో హన్మకొండ కాలనీలు మునిగినప్పుడు నాలాల మీది కట్టడాలు చూసినవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు.

హన్మకొండ_రూమ్: అయితే రెండు వాదనలూ రాసేయనా సార్?

రిటైర్డ్_వర్క్‌ఇన్‌స్పెక్టర్: రాయి. కింద మోరీ, ఇటుక, తూకం రుజువులుగా పెట్టు. మహా స్నానవాటిక అందరూ రాస్తారు, సుమారు 12 మీటర్లు ఇంటూ 7 అని ఒక్క లైన్ చాలు. మొహెంజొదారో ధాన్యాగారం అని మాత్రం గట్టిగా రాయకు, అందులో గింజ కూడా దొరకలేదు.