రిమ్‌వరల్డ్ మోడ్: నల్లరేగడి అయినా రాళ్లనేల అయినా శనగ దాదాపు ఒకేలా పెరుగుతోంది, ఎందుకు?

నంద్యాల_నల్లరేగడి: బెంగళూరులో ఆఫీసు, మారతహళ్లి ట్రాఫిక్ పోను మిగిలిన టైమ్‌లో రిమ్‌వరల్డ్ (కాలనీ కట్టి నడిపే కంప్యూటర్ గేమ్)కి ఓ చిన్న మోడ్, అంటే గేమ్‌ని మార్చే యాడ్-ఆన్, రాస్తున్నాను. నల్లరేగడి అని కొత్త టెర్రెయిన్ (నేల రకం) పెట్టి ఫెర్టిలిటీ (నేల సారం) 1.4 ఇచ్చాను, ఆలుగడ్డ డెఫ్ (దాని లక్షణాలు రాసి ఉండే ఎక్స్‌ఎంఎల్ ముక్క) కాపీ కొట్టి శనగ మొక్క చేశాను. గేమ్‌లో ఉన్న రాళ్లనేల 0.7 కదా, అంటే సగం స్పీడే రావాలి, కానీ పెద్ద తేడా కనబడట్లేదు. వాన పడినా అంతే. ఎక్కడ చూడాలి?

బీటీఎం_మోడర్: ఆలుగడ్డ కాపీ కొట్టారుగా, అదే సంగతి. నేల నంబర్ నేరుగా స్పీడ్ కాదు బ్రో, మొక్క డెఫ్‌లో ఫెర్టిలిటీ సెన్సిటివిటీ (నేల సారం ఆ మొక్క మీద ఎంత పనిచేయాలో చెప్పే నంబర్) అని ఇంకోటుంది, ఆలుగడ్డకి అది 0.4. నేల నంబర్‌ని దాంతో గుణించి, 1లోంచి ఆ 0.4 తీసేస్తే మిగిలే 0.6 కలుపుతుంది. మీ రేగడిలో 1.16, రాళ్లనేలలో 0.88, అంతే తేడా. వరికి అది 1.0 కాబట్టి 1.4, 0.7 ఉన్నదున్నట్టు పడతాయి. టెర్రెయిన్ ముట్టుకోకండి, శనగకి 1.0 పెట్టండి. ఇంకోటి, రాత్రి మొక్కలు పెరగవు, అందుకే డెఫ్‌లో 3 రోజులని ఉన్న వరి కోతకి ఐదున్నర రోజులు పడుతుంది, అది బగ్ అనుకోకండి.

సిల్క్‌బోర్డ్_బాధితుడు: వాన సంగతి. అసలు గేమ్‌లో వానకీ పంట పెరుగుదలకీ సంబంధమే లేదండీ, చూసేది నేల, వెలుతురు, ఉష్ణోగ్రత. వానని కలపడం ఎక్స్‌ఎంఎల్‌తో కుదరదు, సీ షార్ప్ కోడ్‌లో గేమ్‌లోని ప్లాంట్ క్లాస్ ఆధారంగా మీ సొంత క్లాస్ రాసి గ్రోత్ రేట్‌ని ఓవర్‌రైడ్ చేయాలి, అంటే పెరిగే స్పీడ్ లెక్కని మీ లెక్కతో మార్చాలి. కానీ ఆ నిమిషంలో వాన ఉందా అని చూస్తే శనగకి అర్థం ఉండదు, మనవైపు శనగ బతికేదే వానలు వెళ్లిపోయాక రేగడిలో మిగిలిన పదును మీద. కాబట్టి మ్యాప్ కాంపోనెంట్ (మ్యాప్ మొత్తానికి నడిచే కోడ్) ఒకటి రాసి, గడి గడికీ తేమ దాచి, వానకి పెంచుతూ ఎండకి తగ్గిస్తూ పోండి. ప్రతి టిక్‌కీ (గేమ్ కాలంలో అతి చిన్న అడుగు) మాత్రం లెక్క వేయొద్దు, గేమ్ హ్యాంగ్ అవుతుంది. మొక్కలు ఎలాగూ 2000 టిక్‌లకి ఒకసారే అప్‌డేట్ అవుతాయి, రోజుకి 60,000 టిక్‌లు, అంటే 30 సార్లు, చాలు.

నంద్యాల_నల్లరేగడి: 1.0 పెట్టాను, తేడా బాగా తెలుస్తోంది, థాంక్స్ బ్రో. సిల్క్‌బోర్డ్ గారూ, తేమ సంగతి వీకెండ్‌లో మొదలుపెడతా, రాళ్లనేలలో తొందరగా ఆరిపోయేలా నేలకో రేటు పెడితే సరిపోతుందా?

సిల్క్‌బోర్డ్_బాధితుడు: సరిపోతుంది. ఆ రేటుని టెర్రెయిన్ డెఫ్‌కి మోడ్ ఎక్స్‌టెన్షన్‌గా (డెఫ్‌కి అదనంగా చేర్చే సమాచారం) తగిలించండి, వేరేవాళ్ల మోడ్‌లలోని నేలలకి కూడా ప్యాచ్‌తో (వాళ్ల ఫైళ్లు ముట్టుకోకుండా డెఫ్‌ని మార్చే పద్ధతి) ఇవ్వొచ్చు.