కుక్క తవ్వి తెచ్చెఁ గోహినూరు: ఈ వారం సమస్య, వచ్చిన పూరణలు

నిర్వాహకుడు:
మొన్న పొద్దున్నే కళింగపట్నం ఒడ్డున మా కుక్కతో నడుస్తున్నాను. లైట్‌హౌస్ దాటాక అది ఒకచోట ఆగి ఇసుక గోకి గోకి నీలం గాజు పెంకొకటి బయటికి తీసింది. అంచులన్నీ అరిగి, చేత్తో రుద్దినా గీసుకోనంత నున్నగా ఉంది. బీరు సీసాల గోధుమరంగు, పచ్చ, తెలుపు పెంకులు ఎన్నైనా దొరుకుతాయి గానీ నీలం అరుదు, ఎరుపైతే ఇంకా అరుదు. ఇంటికి వస్తుంటే నోట్లో ఈ పాదం ఆడింది. ఇదే ఈ వారం సమస్య, ముందు మూడు పాదాలు కట్టి పద్యాన్ని దీనితో ముగించడమే పూరణ.

కుక్క తవ్వి తెచ్చె కోహినూరు

ఆటవెలది నాలుగో పాదం, అన్నీ సూర్యగణాలే (ఒక గురువు, అంటే దీర్ఘంగా పలికే అక్షరం, తర్వాత ఒక లఘువు, అంటే పొట్టిగా పలికేది; లేదా మూడు లఘువులు). సముద్రం, కుక్క, గాజు మూడూ పద్యంలో ఉండాలి. "అని కలగంటిని" అని తప్పించుకునే పూరణలు తీసుకోను. ఆ దారిలో పోతే ఏ సమస్యైనా విడిపోతుంది.

నరసన్నపేట మాస్టారు:
పాదం బాగుంది బాబూ, సంధి తప్పింది. "తెచ్చె" ద్రుతాంతం, అంటే చివర నకారం ఉండే మాట. తెచ్చెన్ మీద పరుషం (క, చ, ట, త, ప) వస్తే సరళం (గ, జ, డ, ద, బ) అవుతుంది కదా, "తెచ్చెఁ గోహినూరు" అనాలి. యతికి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ ఉండాల్సిన పొత్తుకి, ఢోకా లేదు, క-గ మైత్రి ఉంది.

గరివిడి:
మాస్టారూ, పారశీ పేరుని గోహినూరు చేస్తే ఆవులున్న ఊరేమో అనుకుంటారు!

నరసన్నపేట మాస్టారు:
అనుకోనీండి. కొల్లూరు గనిలో దొరికిందంటాం, 1849లో ఇంగ్లీషు వాళ్ళ చేతికి పోయింది. అంత దూరం పోయిన రాయి ఒక్క అక్షరం మారితే ఏడుస్తుందా?

నిర్వాహకుడు:
దిద్దుకున్నాను. అందరూ "తెచ్చెఁ గోహినూరు" అనే ముగించండి.

చింతపల్లి కోడలు:
మా పూసపాటిరేగ తీరం నుంచి నా ప్రయత్నం.

తెల్లవారఁ గడలి తీరాన నడువఁగా
నలలు విడిచినట్టి యాకుపచ్చ
గాజు పెంకు మెరయఁ గన్ను లార్పక చూచి
కుక్క తవ్వి తెచ్చెఁ గోహినూరు

నరసన్నపేట మాస్టారు:
గణాలు, యతులు సరిపోయాయమ్మా. ఎత్తుగడలో తొందర లేదు.

నిర్వాహకుడు:
నాది ఒక్కటే పేచీ, "మెరయ" దగ్గర. సముద్రం గాజు మెరవదు. ఏళ్ళ తరబడి ఇసుకలో దొర్లి, ఉప్పునీటిలో నాని పైన మంచు పట్టినట్టు మసకబారుతుంది. తడిగా ఉన్నప్పుడే లోపలి రంగు పైకి తేలుతుంది, ఆరగానే రాతిముక్కలా ఉంటుంది. "మెరయఁ" తీసి "తడియఁ" పెట్టి చూడండి. మూడు లఘువులకు మూడు లఘువులే.

చింతపల్లి కోడలు:
అవునండీ. అందుకే కాబోలు నా సీసాడు పెంకులూ ఇంటికి తేగానే డల్‌గా కనిపించాయి. మారుస్తున్నాను.

గరివిడి:
మా ఆవిడ గొంతుతో రాశాను. ఆవిడకి చూపించలేదు.

వజ్ర మడిగినాను వంకలే చెప్పెడు
మగఁడు తెచ్చియిచ్చె మసక గాజు
ఇంతకన్న మేలె యింటి కావలి మాది
కుక్క తవ్వి తెచ్చెఁ గోహినూరు

నరసన్నపేట మాస్టారు:
మొదటి రెండు పాదాలకి నవ్వాను. మూడో దాంట్లో "మాది" గణం నింపడానికి వచ్చి కూర్చుంది. "మా ఇంటి కావలి కుక్క" అనాల్సింది ముక్కలైపోయింది. పైగా సముద్రమేదీ?

గరివిడి:
సముద్రం మా ఆవిడ కోపంలో ఉంది మాస్టారూ.

బొబ్బిలి విద్యార్థి:
సార్, నాకు రెండో పాదం దగ్గరే ఆగిపోయింది. "వాడి తోక ఊపు వీధి దాకా" అని రాశాను. టెన్షన్‌గా ఉంది, తిట్టకండి.

నిర్వాహకుడు:
తిట్టడానికేముంది నాయనా. "దాకా" రెండూ గురువులు, సూర్యగణం కాదు. వా-వీ యతి కుదరదు, ఆకారానికి ఈకారంతో మైత్రి లేదు. "వాడి తోక యూపు వాడ దాక" అంటే రెండూ సర్దుకుంటాయి. కుక్కని "వాడు" అనడం నాకు నచ్చింది, దాన్ని మార్చకు. మిగతా మూడు పాదాలతో రా.

పాలకొండ:

గోళిసోడ తాగి గోడకుఁ గొట్టిన
సీస నుండి జారి చిన్న గోళి
మనుమరాలి చేతి మణి కాదె యీనాడు
కుక్క తవ్వి తెచ్చెఁ గోహినూరు

నరసన్నపేట మాస్టారు:
భేష్! సీసా, సోడా రెండూ పొట్టివయ్యాయి గానీ చెవికి అడ్డం రాలేదు. సీ-చి యతి కూడా ముచ్చటగా పడింది.

నిర్వాహకుడు:
నాకు "గోడకుఁ గొట్టిన" చాలా నచ్చింది. హైరమ్ కాడ్ 1872లో పేటెంటు తీసుకున్న సీసా అది. గోళీ మెడలో గ్యాసు ఒత్తిడికి రబ్బరుకి అంటుకుని మూత అవుతుంది. సీసా పగిలితే తప్ప గోళీ బయటికి రాదు. చిన్నప్పుడు ఆ గోళీ కోసమే సీసా పగలగొట్టి చీవాట్లు తిన్నవాళ్ళు ఇక్కడ చాలామందే ఉంటారు. పద్యంలో సముద్రం పేరు లేదు, నియమం ప్రకారం మార్కులు తగ్గాలి. తగ్గించబుద్ధి కావడం లేదు.

భావనపాడు:
నాకూ నియమం తప్పింది, నా పద్యంలో గాజు లేదు. మాకు మాఘమాసంలో తీరం మీద కనబడేది వేరే.

దాచి పెట్టి పోయెఁ దాబేలు గుడ్లను
నూరు నూటపదియు నొక్క గూట
వాని విలువ ముందు వజ్ర మెంతటిదయ్య
కుక్క తవ్వి తెచ్చెఁ గోహినూరు

జనవరి నుంచి మార్చి దాకా రాత్రిపూట ఆలివ్ రిడ్లే తాబేళ్ళు మా ఒడ్డుకి వస్తాయి. గుంట తవ్వి గుడ్లు పెట్టి, ఇసుక కప్పి తెల్లారేలోగా వెళ్ళిపోతాయి. ఆ గుడ్లు పిల్లలవడానికి సుమారు 45 నుంచి 60 రోజులు. వాసన పట్టి కుక్కలు తవ్వేస్తాయి. పొద్దున్న ఇసుక మీద తెల్లటి పెంకులు నలిగి ఉంటాయి, దూరం నుంచి చూస్తే పింగ్‌పాంగ్ బంతులు తొక్కేసినట్టు. మీ కుక్క గోకిన చోటు లైట్‌హౌస్ దగ్గర అన్నారు బావూ, అందుకే అడుగుతున్నాను. తాడు కట్టారా?

నిర్వాహకుడు:
కట్టలేదు.

నరసన్నపేట మాస్టారు:
నూ-నొ యతి, "నూరు నూటపదియు" లెక్క. పాదం ఎంత మామూలుగా నడిచిందో చూశారా? సమస్యలో వేళాకోళంగా ఉన్న "తవ్వి" ఇక్కడ బరువెక్కింది. నేను దిద్దేదేమీ లేదు.

నిర్వాహకుడు:
ఈ వారం భావనపాడు పూరణకే మొదటి స్థానం. గాజు లేకపోయినా సరే. మధ్యాహ్నం బజారుకెళ్ళి ఆరు మూరల తాడు కొన్నాను. ఇవాళ సాయంత్రం మా వాడు రెండుసార్లు లాగాడు, ఇసుక గోకబోయాడు, రానివ్వలేదు. పెంకులు నేనే ఏరాను, అన్నీ గోధుమరంగే.

వచ్చే వారం సమస్య, ఇదీ ఆటవెలది నాలుగో పాదమే:

పగిలినంత గాజు పదును వోయె

మాస్టారూ, "పోయె"ని సంధి చేసి "వోయె" అని ముందే రాశాను, చూసుకోండి.