స్టాటిస్టిక్స్‌కి మొదటి పుస్తకం ఏది? గుప్తా–కపూర్‌తోనే మొదలుపెట్టాలా?

పరవాడ_క్యూసీ
అందరికీ నమస్కారం. నేను బీఎస్సీ కెమిస్ట్రీ. పరవాడ వైపు ఒక ఫార్మా కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో పని. రోజూ హెచ్‌పీఎల్‌సీలో (మందులో ఏది ఎంతుందో విడదీసి కొలిచే యంత్రం) ఒకే ద్రావణాన్ని ఆరుసార్లు ఇంజెక్ట్ చేసి ఆర్‌ఎస్‌డీ చూస్తాం, అంటే రీడింగుల స్టాండర్డ్ డీవియేషన్ సగటులో ఎంత శాతమో. 2 శాతం లోపు వస్తే టిక్కు, దాటితే టెన్షన్. ఆ 2 ఎక్కడి నుంచి వచ్చిందో అడిగితే సీనియర్లు నవ్వేస్తారు. డేటా అనలిటిక్స్ వైపు మారాలని ఉంది, కాబట్టి స్టాటిస్టిక్స్, ప్రాబబిలిటీ మొదటి నుంచి నేర్చుకోవాలి. ఒకాయన కళ్లు మూసుకుని గుప్తా–కపూర్ కొనమన్నారు. ఇంకొకావిడ దాంతో మొదలుపెడితే ఈ సబ్జెక్టు మీదే విరక్తి పుడుతుందన్నారు. ఇద్దరూ చదువుకున్నవాళ్లే. ఎవరి మాట వినాలి?

మద్దిలపాలెం_మాస్టారు
మొదటాయన మాటే వినండి. గుప్తా–కపూర్ 'ఫండమెంటల్స్ ఆఫ్ మ్యాథమెటికల్ స్టాటిస్టిక్స్' డిగ్రీ విద్యార్థుల చేతుల్లో దశాబ్దాలుగా నలుగుతోంది, ఊరికే కాదు. ప్రాబబిలిటీ, ర్యాండమ్ వేరియబుల్స్, డిస్ట్రిబ్యూషన్లు, ఎస్టిమేషన్, టెస్టింగ్ అన్నీ ఒక్క చోట దొరుకుతాయి. లెక్క చేసి చూపిస్తారు, తర్వాత మీ చేత చేయిస్తారు. ధర కూడా మనవాళ్లకి అందుబాటులోనే ఉంటుంది. ఈ మధ్య అందరూ 'ఫార్ములాలు లేకుండా స్టాటిస్టిక్స్' అంటున్నారు. ఫార్ములా లేకుండా ఏం నేర్చుకుంటారు బాబూ, కబుర్లా?

సిరిపురం_అనలిస్ట్
మాస్టారూ, మీ మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. ఆ పుస్తకం చెడ్డదని నేను అనను. మొదటి పుస్తకంగా మాత్రం వద్దంటాను.

తమ్ముడూ, నీ ఆర్‌ఎస్‌డీ సంగతే తీసుకో. ఒకే ద్రావణాన్ని ఆరుసార్లు ఇంజెక్ట్ చేస్తే వచ్చే ఆర్‌ఎస్‌డీ యంత్రం ఎంత నిలకడగా ఉందో చెప్తుంది. ఆ బ్యాచ్‌లో ఒక మాత్రకీ ఇంకో మాత్రకీ ఎంత తేడా ఉందో దానికి తెలియదు. ఫార్ములా రెండింటికీ ఒకటే. అంకె ఏ ప్రశ్నకి జవాబో తెలుసుకోవడం అసలు చదువు. దాన్ని మొదటి పేజీ నుంచీ పట్టుకుని నడిపించేది ఫ్రీడ్‌మన్, పిసాని, పర్వ్స్ రాసిన 'స్టాటిస్టిక్స్' (1978). మొదలే 1954 నాటి పోలియో టీకా ప్రయోగంతో. ఎవరికి టీకా వేయాలి, ఎవరితో పోల్చాలి అన్న చర్చ ముగిశాకే లెక్కల జోలికి వెళ్తారు.

అందులో నాకు బాగా నచ్చింది కెరిచ్ కథ. దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన ఈ గణితజ్ఞుడు 1940లో జర్మనీ డెన్మార్క్‌ని ఆక్రమించినప్పుడు అక్కడ చిక్కుకుపోయాడు. నిర్బంధ శిబిరంలో కూర్చుని నాణేన్ని 10,000 సార్లు ఎగరేసి లెక్క రాశాడు. 100 సార్లకి బొమ్మ 44. 1,000కి 502. 10,000కి 5,067. శాతం చూస్తే 44, 50.2, 50.67, అంటే సగానికి చేరువైంది. సంఖ్య చూస్తే మొదట సగానికి 6 తక్కువ, చివరికి 67 ఎక్కువ, అంటే తేడా పెరిగింది! 'ఇన్నిసార్లు బొరుసు పడింది, ఇక బొమ్మ పడాల్సిందే' అనుకునేవాళ్లకి ఈ ఒక్క పట్టిక చాలు. నాణేనికి బాకీ తీర్చాలన్న పట్టింపేమీ లేదు. ఎగరేతలు పెరిగేకొద్దీ పాత తేడా శాతంలో కనపడకుండా పోతుంది, అంతే. ఇది అర్థమైనవాడికి, దీన్నే సిద్ధాంతంగా చెప్పే లా ఆఫ్ లార్జ్ నంబర్స్ ఋజువు ఎప్పుడు చూపించినా ఎక్కుతుంది.

మద్దిలపాలెం_మాస్టారు
కథ బాగుందమ్మా. కానీ ఆ 67 ఎక్కువా తక్కువా? అది చెప్పడానికి రూట్ ఎన్, అంటే ఎగరేతల సంఖ్యకి వర్గమూలం, కావాలి. 10,000 ఎగరేతలకి స్టాండర్డ్ ఎర్రర్ (అదృష్టం వల్ల మామూలుగా వచ్చే తేడా) 50, కాబట్టి 67 ఏమంత వింత కాదు. ఆ 50 ఎలా వచ్చింది? పెట్టెలో చీటీలు తీస్తున్నామనుకోండి అంటూ మీ పుస్తకం ఆ సూత్రాన్ని చేతిలో పెట్టి ముందుకు పోతుంది, ఋజువు కోసం ఆగదు. స్వతంత్రంగా ఉన్నవాటి వేరియన్స్‌లు (స్టాండర్డ్ డీవియేషన్ వర్గాలు) కూడితే మొత్తం వేరియన్స్ వస్తుంది. ఒక్క ఎగరేతకి పావు, పదివేలకి 2,500, దాని వర్గమూలం 50. ఇంతే. ఈ కాస్తా చెప్పడానికి ఎందుకంత భయం?

సిరిపురం_అనలిస్ట్
భయం కాదు మాస్టారూ. మీరు ఇప్పుడు చెప్పినట్టు చెప్తే ఎవరికైనా ఎక్కుతుంది. గుప్తా–కపూర్‌లో అక్కడికి చేరేలోపు కుర్రాడు మొమెంట్లు, స్క్యూనెస్, కర్టోసిస్ లాంటి, డేటా ఆకారాన్ని కొలిచే అంకెలన్నీ దాటాలి. ఆఫీసులో ఇన్నేళ్లలో నన్ను కర్టోసిస్ అడిగినవాడు లేడు!

గాజువాక_నాని
ఏటండీ ఇంకా పుస్తకాలా? యూట్యూబ్‌లో అన్నీ ఉన్నాయి కదా.

సిరిపురం_అనలిస్ట్
ఉన్నాయి నానీ. ప్రాబబిలిటీకైతే హార్వర్డ్‌లో బ్లిట్జ్‌స్టీన్ చెప్పిన 'స్టాట్ 110' పాఠాలు నేనే చూడమంటాను. హ్వాంగ్‌తో కలిసి ఆయన రాసిన పుస్తకం కూడా ఆన్‌లైన్‌లో ఉచితంగా, చట్టబద్ధంగానే దొరుకుతుంది. కాకపోతే కాలిక్యులస్ తెలిసుండాలి. వీడియో చూస్తున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉంటుంది. లెక్క మన చేత్తో పడేదాకా తెలియదు.

బీచ్‌రోడ్_శర్మ
మన విశాఖ ఫోరంలో ఇంత చర్చ జరిగి స్టాటిస్టిక్స్ దిగ్గజం సి.ఆర్.రావు గారి పేరు రాకపోవడం ఏమిటండీ! ఏవీఎన్ కాలేజీ, ఆంధ్ర యూనివర్సిటీలో చదివి కలకత్తా వెళ్లిన మనిషి. ఎస్టిమేషన్‌లో ఆయన పేరుతో ఉన్న క్రామర్–రావు, రావు–బ్లాక్‌వెల్ ఫలితాలు రెండూ 1945 నాటి ఒక్క వ్యాసంలోవే. 2023లో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ వచ్చింది, అప్పటికి నూట రెండేళ్లు. ఆయన 'లీనియర్ స్టాటిస్టికల్ ఇన్ఫరెన్స్' ఉండగా వేరేవాళ్ల పుస్తకాలు ఎందుకు?

మద్దిలపాలెం_మాస్టారు
శర్మగారూ, అది ఎమ్మెస్సీ దాటినవాళ్లకి. ఈ అబ్బాయి మొదటి అధ్యాయంలోని వెక్టర్ స్పేస్‌ల దగ్గరే పుస్తకం మూసేస్తాడు. ఆయనదే చదివించాలంటే 'స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్' ఇవ్వండి. ఉపన్యాసాల నుంచి వచ్చింది, హాయిగా చదవొచ్చు. దాంతో లెక్కలు రావు, దృష్టి వస్తుంది.

రిటైర్డ్_ఉక్కు
కాస్త ఆలస్యంగా వచ్చాను. సర్వీసంతా ఇన్‌స్పెక్షన్, కంట్రోల్ చార్టులతోనే (ఉత్పత్తి గాడి తప్పుతోందా అని చూపే గ్రాఫులు) గడిచింది. ఇద్దరి మాటల్లోనూ పస ఉంది, కానీ ఇద్దరూ అధ్యాయాల గురించే వాదిస్తున్నారు. నేనైతే పుస్తకాన్ని ఎక్సర్‌సైజులు చూసి కొంటాను. కండిషనల్ ప్రాబబిలిటీ (ఒకటి జరిగిందని తెలిశాక ఇంకోటి జరిగే అవకాశం) అధ్యాయం చివరికి వెళ్లి ఓ అయిదు లెక్కలు చదవాలి. అన్నింట్లోనూ సంచులూ, తెల్ల బంతులూ, నల్ల బంతులే ఉంటే అది పరీక్షకి పనికొచ్చే పుస్తకం. ఏ అంకె వాడాలో, ఏది వదిలేయాలో మనమే తేల్చుకోవాల్సి వస్తే అది ఉద్యోగానికి పనికొస్తుంది.

క్యూసీ బాబూ, నీ ల్యాబ్ భాషలోనే ఒకటి ఇస్తాను. అంకెలు ఊరికే అనుకున్నవి. వెయ్యి బ్యాచ్‌ల్లో 10 నిజంగా చెడ్డవి. టెస్టు చెడ్డ బ్యాచ్‌ని నూటికి 90 సార్లు పట్టేస్తుంది. మంచి బ్యాచ్‌ని కూడా నూటికి 5 సార్లు పొరపాటున ఫెయిల్ చేస్తుంది. ఇవాళ ఒకటి ఫెయిలైంది. అది నిజంగా చెడ్డదయ్యే అవకాశం ఎంత? అడిగితే చాలామంది 90 శాతం అంటారు. కాగితం మీద పెట్టు. చెడ్డవి 10లో 9 ఫెయిల్. మంచివి 990లో ఇంచుమించు 50 ఫెయిల్. మొత్తం 59, అందులో చెడ్డవి 9. అంటే 15 శాతం! బేయస్ సిద్ధాంతం ఇదే. ముందు ఇలా తలలు లెక్కపెట్టించి, తర్వాత ఫార్ములా రాయించే పుస్తకం ఏదైనా సరే, పేరు చూడకుండా తీసుకో.

ఇంకో మాట. మోస్టెలర్ 'ఫిఫ్టీ ఛాలెంజింగ్ ప్రాబ్లమ్స్ ఇన్ ప్రాబబిలిటీ' (1965) చిన్న పుస్తకం. యాభై పైచిలుకు చిక్కు లెక్కలు, ప్రతిదానికీ విడమరచిన జవాబు. ఏది కొన్నా ఇది పక్కన ఉండాలి. హఫ్ రాసిన 'హౌ టు లై విత్ స్టాటిస్టిక్స్' (1954) కూడా సరదాగా ఉంటుంది, ఒక్క పూటలో అయిపోతుంది. ఆ పెద్దమనిషే తర్వాత సిగరెట్ కంపెనీల తరఫున వాదించాడు, అది వేరే సంగతి!

గాజువాక_నాని
90 కాదు 15 ఆ?! మళ్లీ చేసి చూశాను, నిజమే. అయితే టెస్టు ఎందుకండీ మరి?

రిటైర్డ్_ఉక్కు
టెస్టుకి ముందు 1 శాతం అనుమానం, తర్వాత 15 శాతం. పదిహేను రెట్లు పెరిగింది కదా. అందుకే రీటెస్టు పెడతారు. అయితే రెండో టెస్టు మొదటిదానితో సంబంధం లేకుండా జరగాలి. అదే మనిషి, అదే ద్రావణం, అదే యంత్రం అయితే పాత తప్పే మళ్లీ వస్తుంది.

సిరిపురం_అనలిస్ట్
గురువుగారూ, ఈ ఆఖరి వాక్యం కోసమే నేను డేటా ముందు అంటున్నాను. 'స్వతంత్రం' అన్న షరతుని ఫార్ములా పక్కన అర లైనులో రాసేస్తారు. బయట గొడవలన్నీ దాని దగ్గరే.

మద్దిలపాలెం_మాస్టారు
ఒప్పుకుంటాను. ఆ షరతు లేకపోతే ఏమవుతుందో కోవేరియన్స్ (రెండు అంకెలు కలిసి ఎంత మారతాయో చెప్పే కొలత) తెలిసినవాడే లెక్కగట్టగలడు. దాన్ని కూడా ఒప్పుకో అమ్మా.

పరవాడ_క్యూసీ
అందరికీ థాంక్స్. ఆదివారం ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీకి వెళ్లి, దొరికిన పుస్తకాలన్నింటికీ ఉక్కుగారి పరీక్ష పెడతాను. ఫ్రీడ్‌మన్ దొరికితే అదే ముందు. దొరకకపోతే 'ఓపెన్‌ఇంట్రో స్టాటిస్టిక్స్' పీడీఎఫ్ ఉచితమని చూశాను, దాంతో నెట్టుకొస్తాను. గుప్తా–కపూర్ సెకండ్ హ్యాండ్‌లో కొని పక్కన పెట్టుకుంటాను మాస్టారూ, కోపం తెచ్చుకోకండి. ఒక్క డౌటు: ఆరు ఇంజెక్షన్లే ఎందుకు, పది ఎందుకు కాదు? ఇది ఏ పుస్తకంలో దొరుకుతుంది?

మద్దిలపాలెం_మాస్టారు
కోపమెందుకు బాబూ. నువ్వడిగింది శాంపుల్ సైజు సంగతి. గుప్తా–కపూర్ తెచ్చుకున్నాక కై-స్క్వేర్ అధ్యాయం తియ్యి. ఆరు రీడింగులతో లెక్కేసిన స్టాండర్డ్ డీవియేషన్ ఎంత అటూ ఇటూ అవ్వొచ్చో చెప్పే హద్దులు, అంటే కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్, కట్టు. అదే పదింటికి కట్టు. రెండూ ఇక్కడ పెట్టు, చూద్దాం.